రోజాలో చర్మం పొడిబారకుండా ఉండాలంటే: సహరీ నుంచి తరావీహ్ దాకా

రంజాన్ ఉపవాసాలు, అంటే రోజాలు, మొదలై వారం గడిచేసరికి చాలామంది ముఖంలో తేడా తెలిసిపోతుంది. బుగ్గలు బిగుసుకుపోతాయి, పెదవులు పగులుతాయి, ముక్కు పక్కన సన్నగా పొట్టు లేస్తుంది. పొద్దంతా నీళ్లు తాగట్లేదు కాబట్టి ఇంతేలే అని సరిపెట్టుకుంటాం. ఇఫ్తార్ తర్వాత కడుపు బరువెక్కేదాకా నీళ్లు తాగుతాం. అయినా మర్నాడు అసర్ (సాయంకాలపు నమాజు) వేళకి బుగ్గలు మళ్లీ అలాగే ఉంటాయి.

ఆరోగ్యంగా ఉన్న మనిషి రాత్రిపూట సరిపడా నీళ్లు తాగుతుంటే, పగటి దాహం ఒక్కదానికే చర్మం ఇంతగా పొడిబారదు. చర్మం పైపొరలో తేమను పట్టి ఉంచేది అక్కడే ఉండే కొవ్వు. గోడలో ఇటుకల మధ్య సిమెంటులా, పైపొర కణాల మధ్య సెరమైడ్లు, కొలెస్ట్రాల్, కొవ్వు ఆమ్లాలు ఉంటాయి. సబ్బు, వేడి నీళ్లు, గట్టిగా రుద్దడం ఆ కొవ్వును తీసేస్తాయి. వట్టి నీళ్లు కూడా మళ్లీ మళ్లీ పడి గాలికి ఆరుతుంటే పైపొర బలహీనపడుతుంది. రంజాన్‌లో ఏ పూటా వజూ, అంటే నమాజుకు ముందు ముఖం, చేతులు, పాదాలు కడుక్కోవడం, తప్పదు. ఒక్కో వజూలో ముఖం మూడుసార్లు కడుగుతామనుకుంటే, ఐదు పూటలకు ముఖం మీద 15 సార్లు నీళ్లు పడతాయి. చేతులకూ పాదాలకూ అంతే. దానికితోడు నిద్ర తక్కువ. నిద్ర చాలకపోతే దెబ్బతిన్న పైపొర కోలుకోవడం కూడా ఆలస్యమవుతుంది.

అందుకే ఈ నెలలో చర్మం సంగతంతా వజూ చుట్టూ పెట్టుకోమంటాను. కడిగిన ప్రతిసారీ, పూర్తిగా ఆరిపోకముందే, పైన ఒక పూత పడాలి. మిగతావన్నీ దీని తర్వాతే.

ముందు రెండు అనుమానాలు తీర్చుకోండి

క్రీము రాస్తే రోజా పోతుందా? నోటి గుండానో ముక్కు గుండానో కడుపులోకి వెళ్లేవాటి గురించే పట్టింపు, ఒంటిమీద రాసుకునేవాటితో రోజాకు భంగం లేదని ఎక్కువమంది ఆలిములు (మత పండితులు) చెబుతారు. నూనె, క్రీము, సన్‌స్క్రీన్, డాక్టరు రాసిచ్చిన పైపూత మందు పగలు కూడా రాసుకోవచ్చు. పగలు స్నానమూ చేయొచ్చు. పెదవులకు రాసినది మాత్రం నోట్లోకి పోకుండా, మింగకుండా చూసుకోవాలి. ఈ ఒక్క అనుమానంతో నెలంతా ఎగ్జిమా మందు పక్కన పెట్టేసి, పండగనాటికి వేళ్ల సందుల్లో రక్తం వచ్చేదాకా తెచ్చుకునేవాళ్లు ఉంటారు. అంత బాధ పడాల్సిన పని లేదు. మీ మసీదు ఇమామ్‌ను అడగండి, ఆయన చెప్పినట్టు చేయండి.

క్రీము ఉంటే వజూ అవుతుందా? చర్మంలోకి ఇంకిపోయిన క్రీము నీళ్లను ఆపదు. పైన మైనంలా పేరుకుపోయిన పొర, నెయిల్ పాలిష్, నీళ్లకు చెదరని మేకప్ ఆపుతాయి. కాబట్టి పగటిపూట త్వరగా ఇంకే లోషనో క్రీమో వాడండి. పెట్రోలియం జెల్లీ లాంటి మందమైనవి రాత్రి నమాజులన్నీ అయ్యాక, పడుకునే ముందు రాసుకోండి. ఫజ్ర్ (తెల్లవారుజాము నమాజు) వజూకు ముందు మెత్తటి గుడ్డతో ఒకసారి తుడిచేస్తే సరిపోతుంది.

మొదటి పని: నెల రాకముందే మందుల వేళలు మార్పించుకోండి

చర్మానికి ఏ మందూ వాడనివాళ్లు ఈ భాగం వదిలేసి ముందుకు వెళ్లొచ్చు. వాడేవాళ్లు మాత్రం రంజాన్‌కు ముందే డాక్టరును ఒకసారి కలవాలి. షుగర్ ఉన్నవాళ్లు 6 నుంచి 8 వారాల ముందే వెళ్లడం మంచిది. రోజా ఉండొచ్చో లేదో, ఉంటే మందులు ఎలా సర్దాలో తేల్చడానికి ఆ వ్యవధి కావాలి.

మొటిమలకు ఎక్కువగా రాసే మాత్రల్లో డాక్సీసైక్లిన్ ఒకటి. దాన్ని నిండు గ్లాసు నీళ్లతో వేసుకోవాలి, వేసుకున్నాక కనీసం అరగంట నిటారుగా ఉండాలి. సహరీ (రోజా మొదలయ్యే ముందు తెల్లవారుజామున తినే భోజనం) చివరి నిమిషంలో గుక్కెడు నీళ్లతో మింగేసి పడుకుంటే మాత్ర అన్నవాహికలో అంటుకుపోయి పుండు చేయగలదు. గుండెల్లో మంటగా ఉంటుంది, మింగితే నొప్పి పుడుతుంది. రోజుకు ఒక్కసారే అయితే ఇఫ్తార్ భోజనంతో వేసుకోవచ్చేమో అడగండి. రెండుసార్లయితే సహరీకి కాస్త ముందే లేచి, భోజనం మధ్యలో వేసుకోండి. ఇది వేసుకునే రోజుల్లో ఎండకు చర్మం త్వరగా కమిలిపోతుందని కూడా గుర్తుంచుకోండి.

ఐసోట్రెటినోయిన్ కొవ్వున్న భోజనంతో కలిస్తేనే ఒంటికి బాగా పడుతుంది. సాధారణంగా దానికి ఇఫ్తార్ తర్వాతి భోజనమే అనువైన వేళ. పెదవులూ కళ్లూ పొడిబారడం ఆ మందు లక్షణమే కాబట్టి రోజాలో ఇంకాస్త ఇబ్బంది పెడుతుంది. మోతాదు తగ్గించాలా, నెలపాటు ఆపాలా అన్నది డాక్టరే చెప్పాలి. దురదకు వాడే అలర్జీ మాత్రల్లో మత్తు వచ్చేవి ఉంటే తరావీహ్ (రంజాన్ రాత్రుల్లో చేసే ప్రత్యేక నమాజు) అయ్యాక వేసుకోవడం మేలు. సోరియాసిస్‌కు వారానికి ఒకసారి వేసుకునే మెథోట్రెక్సేట్ లాంటి వాటిని మాత్రం సొంతంగా అటూ ఇటూ జరపకండి.

జబ్బు ముదిరేలా ఉంటే రోజా వదిలి తర్వాత పూర్తి చేసుకునే వెసులుబాటు ఖుర్‌ఆన్‌లోనే ఉంది (2:184, 185). ఒళ్లంతా ఎర్రబడి పొట్టు రాలిపోతున్నా, పుండ్లు పడి జ్వరం వస్తున్నా ఆ వెసులుబాటు మీకోసమే అనుకోండి. మొండిగా లాక్కురావొద్దు.

కొనాల్సినవి పెద్దగా లేవు. గ్లిసరిన్‌గానీ సెరమైడ్లుగానీ ఉన్న, వాసన కలపని మాయిశ్చరైజర్ ఒకటి, పెట్రోలియం జెల్లీ ఒకటి, ఎస్‌పీఎఫ్ 30 గానీ అంతకన్నా ఎక్కువగానీ ఉన్న సన్‌స్క్రీన్ ఒకటి. మడమలు పగిలేవాళ్లు యూరియా ఉన్న పాదాల క్రీము కలుపుకోండి. సీరంలు, మాస్కులు, స్క్రబ్బులు ఈ నెలలో కొత్తగా మొదలుపెట్టకండి. అసలే అలిసిన చర్మం మీద ప్రయోగాలు వద్దు.

సహరీ వేళ

లేవగానే ఫేస్‌వాష్ పెట్టి ముఖం కడగనక్కర్లేదు. రాత్రి శుభ్రం చేసుకున్న ముఖానికి పొద్దున వజూ నీళ్లే చాలు. రోజుకు ఒక్కసారి, అదీ సాయంత్రం, ఫేస్‌వాష్ వాడితే సరిపోతుంది. చర్మం సహజంగా కాస్త ఆమ్ల గుణంతో ఉంటుంది, పీహెచ్ దాదాపు 5 దగ్గర. మామూలు సబ్బు బిళ్ల పీహెచ్ 9, 10 దాకా ఉంటుంది. రోజుకు ఐదుసార్లు నీళ్లు పడే ముఖం మీద అది కూడా పడితే తట్టుకోవడం కష్టం.

తిండి విషయంలో ఎక్కువ చెప్పను. ఉప్పెక్కువున్నవి సహరీలో తింటే పది గంటలకే నోరు ఎండుకుపోతుంది. టీ అలవాటున్నవాళ్లు ఒక కప్పు తాగినంత మాత్రాన ఒంట్లో నీరంతా పోదు, దాని గురించి టెన్షన్ వద్దు. కానీ ఆఖరి ఐదు నిమిషాల్లో నాలుగు గ్లాసుల నీళ్లు గటగటా తాగడం వల్ల లాభం లేదు. ఒంటికి అవసరమైనదాన్ని మించి ఒక్కసారిగా వచ్చిన నీటిని మూత్రపిండాలు రెండు మూడు గంటల్లో బయటికి పంపేస్తాయి. లేచినప్పుడు ఒక గ్లాసు, భోజనంతో ఒకటి, చివర్లో ఒకటి తాగండి.

పళ్లు తోముకున్నాక, వేళ ముగిసేలోపే, పెదవులకు పలుచగా పెట్రోలియం జెల్లీ రాయండి. ఫజ్ర్ వజూకు తుడుచుకుని, నమాజు అయ్యాక మళ్లీ ఒక వేలితో అద్దుకోండి.

వజూ: అసలు పని ఇక్కడే

నీళ్ల ధారతో మొదలుపెట్టండి. కుళాయి పూర్తిగా తిప్పి, దబదబా పడే నీళ్లతో ముఖాన్ని కొట్టుకోవద్దు. ప్రవక్త (స) ఒక ముద్ నీటితో వజూ చేసేవారని బుఖారీ, ముస్లిం హదీసుల్లో ఉంది. ముద్ అంటే ఈనాటి లెక్కలో ముప్పావు లీటరు లోపే. సన్నటి ధార కింద దోసిలి పట్టి, ఆ నీళ్లను ముఖం మీదికి తెచ్చుకుంటే అంత తక్కువతోనే వజూ పూర్తవుతుంది, చర్మానికీ హాయి. చలికాలమైనా గోరువెచ్చదనం దాటొద్దు. పొగలొచ్చే నీళ్లు పైపొర కొవ్వును ఇట్టే తీసేస్తాయి.

వజూకు సబ్బు అవసరం లేదు. చేతికి మురికో జిడ్డో అంటితే ఆ చేతులు మాత్రమే కడుక్కోండి, ముఖానికీ మోచేతులకూ నురగ పెట్టకండి.

ఆ తర్వాత తువ్వాలు. కొందరు వజూ నీళ్లు తుడుచుకోకుండా అలాగే ఆరనిస్తారు. తుడుచుకోవడంలో తప్పు లేదని చాలామంది ఆలిములు చెబుతారు కాబట్టి, పొడిబారే చర్మం ఉన్నవాళ్లు తుడుచుకోవడమే మంచిది. అయితే రుద్దకూడదు. మెత్తటి నూలు తువ్వాలును ముఖం మీద ఆనించి, నొక్కి, తీయండి. బొట్లు పోవాలి, చెమ్మ మిగలాలి. చేతులకూ అదే పద్ధతి.

ఒక్కసారి మీ ముంజేతిని దగ్గరగా చూస్తే ఇదంతా ఎందుకో అర్థమవుతుంది. వజూ చేసిన వెంటనే ముంజేయి మెరుస్తూ, నునుపుగా ఉంటుంది. ఏమీ రాయకుండా వదిలేసి పావుగంట తర్వాత చూడండి. సన్నటి గీతలు అడ్డంగా తేలి, గోరుతో గీస్తే తెల్లటి చార పడుతుంది. రెండో చేతికి చెమ్మగా ఉన్నప్పుడే క్రీము రాసి ఉంటే అక్కడ చార పడదు. ఒక్కరోజు జుహర్‌కు (మధ్యాహ్న నమాజుకు) ఈ పరీక్ష చేసి చూసుకుంటే, ఆ తర్వాత క్రీము రాయడం ఎవరూ గుర్తు చేయాల్సిన పని ఉండదు.

రాయడానికి రెండు మూడు నిమిషాలే వ్యవధి. ముఖానికి శనగగింజంత క్రీము సరిపోతుంది, ఒక్కో చేతికి ఇంకో గింజంత. ముందు చేతుల వెనక భాగం, వేళ్ల కణుపులు. అందరూ అరచేతులు రుద్దుకుని వదిలేస్తారు గానీ, ముందుగా పగిలేది కణుపుల దగ్గరే. తర్వాత బుగ్గలు, నోటి చుట్టూ, ముక్కు పక్కన. జిడ్డు కారే నుదురున్నవాళ్లు నుదుటిని వదిలేయొచ్చు. మొత్తం రెండు నిమిషాల పని. జమాత్ నిలబడే తొందరలో ఉంటే నమాజు ముగిశాక రాసుకోండి, కానీ రాసే ముందు ముఖానికి మళ్లీ కాస్త చెమ్మ అద్దుకోండి. ఆఫీసులోనో దుకాణంలోనో ఉండేవాళ్లు చిన్న ట్యూబు ఒకటి జేబులో పెట్టుకోకపోతే ఈ పద్ధతి రెండు రోజులకు మించి నడవదు.

పాదాల దగ్గర వ్యవహారం తిరగబడుతుంది. మడమలకు క్రీము కావాలి, వేళ్ల సందులకు పొడిదనం కావాలి. తడి కాళ్లతో సాక్సులు, బూట్లు వేసుకుంటే చిటికెన వేలి పక్క సందులో చర్మం తెల్లగా నాని, ఒలిచినట్టయి, ఫంగస్ పడుతుంది. వజూలో వేళ్ల సందులకు నీళ్లు చేర్చినంత శ్రద్ధగా తర్వాత ఆ సందుల్ని తువ్వాలు కొసతో తుడవండి. అక్కడ క్రీము పెట్టకండి. దురద, వాసన అప్పటికే ఉంటే ఫంగస్ పూత మందు కావాలి, పౌడరు చల్లితే పోదు. మసీదులో అందరూ తుడుచుకునే తువ్వాలు వాడకుండా మీ చిన్న గుడ్డ మీరు పట్టుకెళ్లండి.

గడ్డం ఉన్నవాళ్లకు ఒక మాట. గడ్డం లోపల, కనుబొమల్లో, ముక్కు పక్కన పసుపురంగు జిడ్డు పొట్టు లేస్తుంటే అది మామూలు పొడిదనం కాకపోవచ్చు. సెబోరిక్ డెర్మటైటిస్ అంటారు దాన్ని. దానికి నూనె రాస్తే తగ్గకపోగా పెరుగుతుంది, ఎందుకంటే అందుకు కారణమయ్యే ఈస్టుకు కొవ్వే ఆహారం. కీటోకొనజోల్ షాంపూ వారానికి రెండుసార్లు గడ్డానికి పట్టించి, ఐదు నిమిషాలుంచి కడిగేస్తే చాలామందికి అదుపులోకి వస్తుంది. వజూ అయ్యాక గడ్డం మొదళ్ల దాకా ఆరేలా ఒత్తుకోండి.

హిజాబ్ వేసుకునేవాళ్లు తడి జుట్టు మీద, తడి మెడ మీద గుడ్డ బిగించకండి. గడ్డం కింద, చెవుల వెనక చెమట నిలిచి పేలుతుంది. వజూ నీళ్లు ఒత్తుకుని, మెడకు పలుచటి లోషన్ రాసి, అది ఇంకాక కట్టుకోండి.

పగలు: ఎండ, పెదవులు

రంజాన్ ఏటా 10, 11 రోజులు ముందుకు జరుగుతూ, సుమారు 33 ఏళ్లలో అన్ని కాలాలనూ చుట్టి వస్తుంది. కాబట్టి నిరుడు పనికొచ్చిన క్రీమే ఎప్పటికీ పనికొస్తుందని అనుకోవద్దు. ఎండల్లో వస్తే లోషన్, చలిలో వస్తే చిక్కటి క్రీము.

బయట తిరిగేవాళ్లకు సన్‌స్క్రీన్ తప్పనిసరి. ఎస్‌పీఎఫ్ 30 ఉన్నది సరిపడా రాస్తే చర్మాన్ని కమిలించే యూవీబీ కిరణాల్లో 97 శాతం దాకా ఆపుతుంది. సరిపడా అంటే చూపుడు వేలు, మధ్య వేలు పొడవునా రెండు గీతలు, ముఖానికీ మెడకూ కలిపి. పొద్దున రాసింది జుహర్ వజూతో చాలావరకు పోతుంది. బయట ఉండాల్సి ఉంటే జుహర్ వజూ తర్వాత ముందు మాయిశ్చరైజర్, అది ఇంకాక మళ్లీ సన్‌స్క్రీన్. అసర్ తర్వాత కూడా ఎండ గట్టిగా ఉండే రోజుల్లో మరోసారి. నీళ్లకు చెదరదని రాసున్న సన్‌స్క్రీన్ వాడితే వజూకు ముందు తుడుచుకోవాలా అని సందేహం వస్తుంది. ఆ గొడవే లేకుండా మామూలుది కొనుక్కుని, వజూ తర్వాత మళ్లీ రాసుకోవడం సులువు.

పెదవులను నాలుకతో తడపకండి. రోజాలో నోరెండినకొద్దీ నాలుక తెలియకుండానే పెదవుల మీదికి వెళ్తుంది. ఆ తడి ఆరిపోతూ ఉన్న తేమనూ తీసుకుపోతుంది, పైగా లాలాజలంలోని ఎంజైములు ఆ పలుచటి చర్మాన్ని రేపుతాయి. పొట్టు లేస్తే పీకడం ఇంకా చెడ్డది. రుచి, వాసన ఉన్న లిప్ బామ్‌లు పగలు వద్దు. నాలుకకు రుచి తగిలితే రోజా గురించి అనుమానం, పైగా పుదీనా, దాల్చినచెక్క లాంటివి కలిపినవి పగిలిన పెదవిని మండిస్తాయి. ఏమీ కలపని పెట్రోలియం జెల్లీ పలుచగా చాలు. నోటి మూలలు మాత్రమే చీలి, ఎర్రబడి, నోరు తెరిస్తే నొప్పిగా ఉంటే అది ఫంగస్‌గానీ ఐరన్, బి విటమిన్ల కొరతగానీ కావచ్చు. వారం దాటితే చూపించుకోండి.

ఎండలో తల తిరుగుతున్నా, మనసు అయోమయంగా ఉన్నా, చాలాసేపటి నుంచి మూత్రం రాకపోయినా అది చర్మం సంగతి దాటిపోయిందని అర్థం. నీడలోకి వెళ్లండి, నీళ్లు తాగండి. ప్రాణం మీదికి వచ్చినప్పుడు రోజా విడవడానికి ధర్మమే అనుమతిస్తుంది. ఆ రోజా తర్వాత తీర్చుకోవచ్చు.

ఇఫ్తార్ నుంచి ఇషా దాకా

ఖర్జూరం, నీళ్లతో విడిచి, మగ్రిబ్ చదివి, తర్వాత భోజనం. ఈ పద్ధతి చర్మానికీ మంచిదే, ఆకలి మీద ఒక్కసారిగా మీద పడి తినకుండా ఆపుతుంది. మొటిమలు ఉన్నవాళ్లు ఇక్కడ జాగ్రత్త పడాలి. వేయించినవి తింటే ఆ నూనె మొటిమలై బయటికి వస్తుందని అంటారు గానీ, మొటిమలతో గట్టి సంబంధం కనిపించేది రక్తంలో చక్కెరను వేగంగా పెంచే తిండికి. తియ్యటి షర్బత్, మిఠాయి, తెల్లటి పిండితో చేసినవి అలాంటివే. అవి ఇన్సులిన్‌ను పెంచితే, దాంతో చర్మంలో జిడ్డు తయారీ పెరుగుతుంది. కొందరికి పాలతో కూడా పెరుగుతాయి. షర్బత్ ఒక గ్లాసుతో ఆపి, దాహం మిగతాది నీళ్లతో తీర్చుకోండి.

ఇఫ్తార్‌కు రెండు గ్లాసులు, భోజనంతో ఒకటి, తరావీహ్‌కు ముందు ఒకటి, మధ్యలో విరామం ఉంటే కొంచెం, వచ్చాక ఒకటి, పడుకునే ముందు ఒకటి. గ్లాసుల లెక్క కన్నా మూత్రం రంగు చూడటం నయం. రాత్రి పడుకునే వేళకి లేత పసుపులో ఉంటే సరిపోయినట్టు. గుండె, కిడ్నీ జబ్బులతో నీళ్లకు కొలత ఉన్నవాళ్లు డాక్టరు చెప్పిన కొలతే పాటించండి.

ముఖాన్ని ఫేస్‌వాష్‌తో కడగడానికి ఇషా (రాత్రి నమాజు) వజూకు ముందు వేళ బాగుంటుంది. పగటి సన్‌స్క్రీన్, దుమ్ము, వంటింటి జిడ్డు పోతాయి. ఆ వెంటనే వజూ చేసుకుని మాయిశ్చరైజర్ రాస్తే రెండు పనులూ ఒకేసారి అవుతాయి. స్నానం రాత్రిపూట చేసేవాళ్లు పది నిమిషాల్లో ముగించి, ఒంటికి చెమ్మ మీదే లోషన్ రాయండి.

తరావీహ్ తర్వాత: మోకాళ్లు, చీలమండ, మడమలు

ఎక్కువసేపు నిలబడటం, పదేపదే సజ్దా చేయడం (నుదురు నేలకు ఆనించడం), కూర్చోవడం వల్ల ఈ నెలలో కొన్నిచోట్ల చర్మం మందమెక్కుతుంది. కూర్చునే తీరు వల్ల ఎడమ పాదం మీద ఒత్తిడి ఎక్కువ. మీ ఎడమ చీలమండ బయటి ఎముక మీద, పాదం పైభాగంలో వేలు పెట్టి చూడండి. కుడివైపు కన్నా గరుకుగా, కాస్త నల్లగా ఉంటుంది. గట్టి నేల మీద, పలుచటి జానమాజ్ (నమాజుకు పరుచుకునే చాప) మీద చదివేవాళ్లకు ఇంకా ఎక్కువ. మోకాళ్లకూ నుదుటికీ ఇదే జరుగుతుంది.

నుదుటి మచ్చను చాలామంది గౌరవంగా చూస్తారు, దాన్ని తీసేయమని నేను అనను. రాయి పెట్టి గీకడం, నిమ్మరసం రుద్దడం, తెల్లబరిచే క్రీములు పూయడం మాత్రం చేయకండి. అవన్నీ మచ్చను ఇంకా ముదరబెడతాయి. నుదుటికి మామూలు మాయిశ్చరైజర్, మోకాళ్లకూ చీలమండకూ యూరియా క్రీము రాత్రిపూట రాస్తే మెత్తబడతాయి. ఇంట్లో చదివేటప్పుడు జానమాజ్ కింద మరో మెత్తటి వస్త్రం పరుచుకోండి. ఎక్కడైనా చిట్లి, రసి కారినా, ఎర్రబడి వెచ్చగా ఉన్నా చూపించుకోవాలి. షుగర్ ఉన్నవాళ్లకు స్పర్శ తగ్గి ఉండొచ్చు కాబట్టి నొప్పి కోసం ఎదురుచూడకండి. రోజూ రాత్రి పాదాలు కళ్లతో చూసుకోండి, అరికాలు కనబడకపోతే అద్దం పెట్టుకుని చూడండి.

మడమలకు పది నిమిషాలు గోరువెచ్చని నీళ్లు, తర్వాత తుడిచి యూరియా క్రీము, దాని మీద పెట్రోలియం జెల్లీ, పైన నూలు సాక్సులు. షుగర్ ఉన్నవాళ్లు నానబెట్టడం మానేసి మిగతావి చేయండి. లోతుగా చీలి రక్తం కనిపిస్తున్నచోట యూరియా మండుతుంది, అక్కడ మానేదాకా జెల్లీ ఒక్కటే. బ్లేడుతో చెక్కకండి.

ఇక నిద్ర. రాత్రి ముక్కలైపోయినప్పుడు జుహర్ తర్వాత అరగంట పడుకునే వీలుంటే పడుకోండి. కళ్ల కింద నలుపుకు క్రీముల కన్నా అదే ఎక్కువ పనిచేస్తుంది.

చాంద్ రాత్ (పండగ ముందు రాత్రి) జాగ్రత్తలు

నెలంతా కాపాడుకున్న చర్మాన్ని ఒక్క రాత్రిలో పాడుచేసేది నల్ల మెహందీ. అసలైన గోరింటాకు నారింజ, ఎరుపు, గోధుమ రంగుల్లోనే పండుతుంది, పండటానికి గంటలు పడుతుంది. అరగంటలో నల్లగా దిగే కోనుల్లో పీపీడీ అనే హెయిర్ డై రసాయనం కలిపి ఉండే అవకాశం ఎక్కువ. అది పడనివాళ్లకు డిజైను గీసిన గీతల వెంబడే బొబ్బలు లేస్తాయి, మచ్చలు నెలల తరబడి ఉండిపోతాయి. ఒకసారి అలర్జీ పట్టుకుంటే జుట్టు రంగు కూడా ఎప్పటికీ పడకుండా పోవచ్చు. పిల్లల చేతులకు అసలే పెట్టించకండి. కోను కొనేటప్పుడు అందులో ఏముందో రాసి లేకపోతే పక్కన పెట్టేయండి. ఇంట్లో ఆకు నూరుకోగలిగితే అంతకు మించింది లేదు. పెట్టాక మంట మొదలైతే వెంటనే కడిగేయండి, బొబ్బలు లేస్తే డాక్టరు దగ్గరికి వెళ్లండి.

థ్రెడింగ్, వ్యాక్సింగ్, ఫేషియల్ పండగ ముందు రోజు పెట్టుకోకండి. రెండు మూడు రోజుల ముందే ముగిస్తే ఎరుపు తగ్గడానికి సమయం ఉంటుంది. ముఖానికి రెటినాయిడ్ క్రీము రాసేవాళ్లు వ్యాక్సింగ్‌కు వారం ముందే అది ఆపాలి, లేకపోతే మైనంతో పాటు చర్మమూ ఊడొస్తుంది. ఐసోట్రెటినోయిన్ మాత్రలు వేసుకుంటున్నవాళ్లు, ఆపి ఆరు నెలలు కానివాళ్లు వ్యాక్సింగ్ జోలికే వెళ్లొద్దు. అత్తరు గడ్డం గీసుకున్న చర్మం మీద, ఎండ తగిలే మెడ మీద కాకుండా బట్టలకు రాసుకోండి. కొన్ని సుగంధ నూనెలు ఎండతో కలిసి నల్ల మచ్చలు చేస్తాయి.

పండగ తర్వాత షవ్వాల్ నెలలో ఆరు రోజాలు ఉండేవాళ్లు ఆ ఆరు రోజులూ ఇదే పద్ధతి కొనసాగించండి. నెలలో బరువు బాగా తగ్గినవాళ్లకు రెండు మూడు నెలల తర్వాత దువ్వెనకు జుట్టు ఎక్కువగా వస్తే కంగారు పడకండి, అది సాధారణంగా దానంతటదే ఆగి మళ్లీ మొలుస్తుంది. ఆరు నెలలు దాటినా రాలుతూనే ఉంటే రక్తపరీక్ష చేయించుకోండి. ఇఫ్తార్, సహరీలకు మార్చిన మందుల వేళల్ని పండగ మర్నాడే డాక్టరు చెప్పిన పాత వేళలకు మార్చుకోవడం మరిచిపోకండి.